ఏమీ జరక్కుండా చూసే ఉద్యోగం

కబడ్డీలో సూపర్ ట్యాకిల్ గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మ్యాట్ మీద ముగ్గురో అంతకన్నా తక్కువ మందో మిగిలినప్పుడు రైడర్‌ని పట్టేస్తే ఒక పాయింటు అదనం. తెలుగు టైటన్స్ మ్యాచ్‌లో ఆ సీన్ వచ్చిందంటే సోఫాలో కూర్చున్నవాళ్లు లేచి నిలబడతారు. మంది తక్కువున్నప్పుడు కాపాడుకోవడం ఎంత కష్టమో ఆ ఒక్క పాయింటే చెబుతుంది.

ఐస్ హాకీలో ఇలాంటి కష్టం దాదాపు ప్రతి మ్యాచ్‌లో రెండు మూడుసార్లు వస్తుంది. కాకపోతే అక్కడ కాపాడుకున్నందుకు పాయింటు లేదు. స్కోర్‌బోర్డు మీద అంకె మారదు. రీప్లే కూడా వెయ్యరు. ఆ అంకె మారకుండా ఉండటం కోసమే పెద్ద జట్లు కోచింగ్ బృందంలో ఒకరికి బాధ్యత అప్పజెబుతాయి. ఆ పని పేరు పెనాల్టీ కిల్. ఈ వారం కబుర్లు ఆ కోచ్ గురించే.

నేనుండేది అమెరికాలోని ర్యాలీలో. ఇక్కడ కేరీ, మోరిస్‌విల్ వైపు వెళ్తే మనవాళ్లు అడుగడుగునా కనిపిస్తారు. ఊరి జట్టు కరోలినా హరికేన్స్. క్రికెట్ తప్ప మరోటి తెలియనివాళ్లు కూడా ఇక్కడ ఒకటి రెండు సీజన్లు గడిపితే హాకీలో పడిపోతారు. నేనూ అలా పడినవాణ్నే. అందరూ గోల్స్ కోసం చూస్తుంటే, నా కళ్లు మాత్రం ఈ పెనాల్టీ కిల్ దగ్గర ఆగిపోయాయి. ఎందుకో చెబుతాను.

ముందు రూలు

రింక్ మీద ఒక్కో జట్టుకి గోలీ కాక అయిదుగురు ఉంటారు. ఎవరైనా స్టిక్‌తో ఎదుటివాడి కాలికి అడ్డం పెట్టినా, పట్టుకుని లాగినా రెఫరీ రెండు నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చోబెడతాడు. దీన్ని మైనర్ అంటారు. అతని బదులు ఇంకొకర్ని దించడానికి లేదు. అంటే అయిదుగురి మీద నలుగురు. మంది ఎక్కువున్న జట్టుకి అది పవర్‌ప్లే, తక్కువున్న జట్టుకి పెనాల్టీ కిల్. దెబ్బ తగిలేంత ప్రమాదకరంగా ఆడితే మేజర్ వేస్తారు. అది అయిదు నిమిషాలు.

ఒకప్పుడు మైనర్‌లో ఎన్ని గోల్స్ పడినా రెండు నిమిషాలూ పూర్తిగా కూర్చోవాల్సిందే. 1955 నవంబర్ 5న మాంట్రియల్ ఆటగాడు జాన్ బెలివో ఒకే పవర్‌ప్లేలో, 44 సెకన్లలో, బోస్టన్ మీద మూడు గోల్స్ కొట్టాడు. ఆ ఏడాది మాంట్రియల్ పవర్‌ప్లే ధాటికి ఎన్‌హెచ్‌ఎల్ 1956-57 సీజన్ నుంచి రూలే మార్చేసింది. అప్పట్నుంచి మైనర్‌లో ఒక గోల్ పడగానే బాక్సులో ఉన్నవాడు బయటికి రావచ్చు. మేజర్‌కి మాత్రం ఈ సడలింపు లేదు. అయిదు నిమిషాలూ అయ్యేదాకా ఎన్ని పడితే అన్ని. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ముందుముందు అవసరపడుతుంది.

తక్కువున్న జట్టుకి ఒక వెసులుబాటు ఉంది. మామూలుగా మన సగంలోంచి పక్‌ను అవతలి గోల్‌లైన్ దాటేలా ఊరికే కొట్టేస్తే, ఐసింగ్ అని ఆట ఆపి మళ్లీ మన గోల్ ముందుకే తెస్తారు. పెనాల్టీ కిల్‌లో ఆ రూలు పనిచేయదు. పక్ దొరికిందే తడవు అవతలి చివరికి పంపేయొచ్చు. ఎదుటివాళ్లు వెనక్కెళ్లి తెచ్చుకుని, మళ్లీ సర్దుకునేసరికి ఇరవై సెకన్లు అటూ ఇటూగా కరిగిపోతాయి. ఉన్నదే 120 సెకన్లు. అలా రెండు మూడుసార్లు చేయగలిగితే సగం పెనాల్టీ గడిచినట్టే.

ఎవర్ని వదిలేయాలి?

అసలు చిక్కు ఇక్కడుంది. అయిదుగుర్ని నలుగురు కాయలేరు. ఎంత పరిగెత్తినా ఎవడో ఒకడు ఖాళీగా ఉంటాడు. పెనాల్టీ కిల్ కోచ్ మొదటి పని ఆ ఖాళీ ఎవరికి, ఎక్కడ ఇవ్వాలో మ్యాచ్‌కి ముందే తేల్చడం.

ఇప్పుడు చాలా జట్ల పవర్‌ప్లే 1-3-1 పద్ధతిలో నిలబడుతుంది. పైన ఒకడు. మధ్య వరుసలో ముగ్గురు, అంటే ఎడమ పక్క ఒకడు, కుడి పక్క ఒకడు, వాళ్ల నడుమ బంపర్ అనే ఇంకొకడు. గోలీ కళ్లకు అడ్డంగా కింద ఒకడు. దీన్ని ఎదుర్కోవడానికి నలుగురితో చేయగలిగిన ఏర్పాట్లు కొన్నే. చతురస్రంగా నిలబడితే గోల్ ముందు చోటు భద్రంగా ఉంటుంది, పక్కల నుంచి కొట్టేవాళ్లకు తీరిక దొరుకుతుంది. డైమండ్‌లా నిలబడితే పక్కలవాళ్లకు ఊపిరాడదు, కానీ గోల్ పక్కన కింది భాగం పలచబడుతుంది. ముగ్గురు గోల్ ముందు త్రికోణంగా ఉండి, నాలుగోవాడు పక్ వెంట తిరిగే పద్ధతి ఇంకోటి. ఆ నాలుగోవాడు అలసిపోతే కథ కంచికే.

ఏ పద్ధతీ అన్ని దార్లూ మూయదు. అందుకే కోచ్‌లు దూరం నుంచి, పక్క కోణం నుంచి వచ్చే షాట్లను వదిలేస్తారు. గోలీకి పక్ కనబడుతుంటే చాలు, వాటిని అతను చూసుకుంటాడు. వదలకూడనిది అడ్డంగా వెళ్లే పాస్. రింక్‌ని గోల్ మధ్య నుంచి నిలువుగా రెండుగా కోసినట్టు ఒక గీత ఊహించుకోండి. దాన్ని రాయల్ రోడ్ అంటారు. పక్ ఆ గీత దాటి అటు నుంచి ఇటు వచ్చిందంటే గోలీ కూడా పక్కకి జరగాలి. అతను జరిగి నిలదొక్కుకునేలోపే షాట్ వచ్చేస్తుంది. అందుకే పెనాల్టీ కిల్‌లో ఆటగాళ్ల స్టిక్కులు ఎప్పుడూ మంచు మీదే ఆనించి ఉంటాయి, ఆ పాస్ దారికి అడ్డంగా.

ఇంత తెలిసినా ఆగనివి కొన్నుంటాయి. వాషింగ్టన్ ఆటగాడు అలెగ్జాండర్ ఒవెచ్‌కిన్ ఎన్నో ఏళ్లుగా పవర్‌ప్లేలో నిలబడే చోటు ఒక్కటే, ఎడమ సర్కిల్. లీగ్‌లో ప్రతి కోచ్‌కీ అది తెలుసు. ఒకణ్ని అతనికి అతుక్కుని ఉండమంటే మిగతా నలుగురి మీద ముగ్గురే మిగులుతారు. వదిలేస్తే ఏమవుతుందో రికార్డులు చెబుతాయి. పవర్‌ప్లే గోల్స్‌లో లీగ్ చరిత్రలో మొదటి స్థానం అతనిదే. 2025 ఏప్రిల్ 6న వేన్ గ్రెట్జ్‌కీ 894 గోల్స్ రికార్డుని దాటిన 895వ గోల్ కూడా పవర్‌ప్లేలోనే, అదే ఎడమ వైపు నుంచే.

ఎప్పుడు మీద పడాలి?

కాచుకుని కూర్చోవడం ఒక్కటే పెనాల్టీ కిల్ కాదు. 1983-84లో ఎడ్మంటన్ ఆయిలర్స్ మంది తక్కువున్నప్పుడే 36 గోల్స్ కొట్టి రికార్డు పెట్టింది. ఆ నలుగురిలో గ్రెట్జ్‌కీని కూడా దించేవాళ్లు మరి. అలాంటి గోల్స్ కెరీర్ మొత్తంలో ఎక్కువ కొట్టిన రికార్డు ఇప్పటికీ అతనిదే, 73.

మా హరికేన్స్ కూడా మీద పడే రకమే. ఇదే జట్టుకి ఒకప్పుడు డిఫెన్స్ ఆడిన టిమ్ గ్లీసన్ 2021లో అసిస్టెంట్ కోచ్‌గా వచ్చి పెనాల్టీ కిల్ చేపట్టాడు. ఆ సీజన్‌లో జట్టు 88 శాతం పెనాల్టీలను గోల్ ఇవ్వకుండా గడిపి లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచింది. రింక్‌లో కూర్చుని చూస్తే ఆ ఒత్తిడి టీవీలో కన్నా బాగా అర్థమవుతుంది. ఎదుటివాడు పాస్ సరిగ్గా అందుకోలేక పక్ ఎగిరిందా, గోడ వైపు తిరిగి వీపు చూపించాడా, ఆ క్షణంలోనే మీద పడతారు. ఇందులో కోచ్ నేర్పేది వేగం కన్నా ఏకమాట. ఒకడు వెళ్లి మిగతా ముగ్గురు ఆలోచిస్తూ ఉండిపోతే, వాడు ఖాళీ చేసిన చోటు నుంచే గోల్ పడుతుంది. వెళ్తే నలుగురూ కదలాలి, లేకపోతే ఎవరూ కదలకూడదు.

దీనికోసం మ్యాచ్‌కి ముందు వీడియో గది పని చాలా ఉంటుంది. ఎదుటి జట్టు పక్‌ను మన జోన్‌లోకి ఎలా తెస్తోంది? వెనక్కి పాస్ ఇచ్చి వేగంగా వచ్చేవాడికి వదులుతోందా? ఎవరు కుడిచేతి వాటం, ఎవరు ఎడమచేతి వాటం? ఫేసాఫ్ గెలిస్తే మొదటి పాస్ ఎటు? ఇవన్నీ చూసి కోచ్ చిన్న చిన్న క్లిప్పులుగా కోయించి ఆటగాళ్లకు చూపిస్తాడు. ఎవరు ఎవరితో జతగా దిగాలో రాస్తాడు. ఒక్కో జత ముప్పై, నలభై సెకన్లకు మించి మంచు మీద ఉండకుండా మార్చుకుంటూ పోవాలి. పక్‌ను అవతలికి కొట్టిన క్షణమే మారడానికి మంచి టైం.

రూలులో బగ్ పట్టిన మనిషి

ఈ వీడియో పిచ్చికి పెద్ద దిక్కు రోజర్ నీల్సన్. మ్యాచ్‌ల వీడియోలు చూసి పాఠాలు చెప్పినందుకు ఆయనకు కెప్టెన్ వీడియో అనే పేరొచ్చింది. ఎన్‌హెచ్‌ఎల్‌కి రాకముందు, కెనడాలో పీటర్‌బరో పీట్స్ అనే జూనియర్ జట్టుకి కోచ్‌గా ఉన్నప్పటి కథ ఒకటి హాకీవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

మ్యాచ్ చివరి నిమిషం. ఆయన జట్టు ఒక గోల్ ఆధిక్యంలో ఉంది, కానీ ఇద్దరు బాక్సులో ఉన్నారు. అయిదుగురి మీద ముగ్గురు. ఎన్ని పెనాల్టీలు పడినా రింక్ మీద ముగ్గురికన్నా తగ్గించకూడదని రూలు. నీల్సన్ దాన్ని చదివి, కావాలనే అదనపు ఆటగాణ్ని మంచు మీదకి పంపాడు. రెఫరీ ఆట ఆపి పెనాల్టీ రాశాడు. రాసి ఏం లాభం? ముగ్గురు ముగ్గురే. మళ్లీ ఫేసాఫ్, మళ్లీ అదనపు ఆటగాడు. పది సెకన్లకోసారి ఇదే తంతు. ఎదుటి జట్టు దాడి ఒక్కసారీ కుదురుకోలేదు. ఆ దెబ్బకి రూలు మార్చారు. ఇప్పుడు అలా చేస్తే ఎదుటి జట్టుకి నేరుగా పెనాల్టీ షాట్ ఇస్తారు.

మన భాషలో చెప్పాలంటే ఎడ్జ్ కేస్ పట్టాడు, ప్రొడక్షన్‌లోనే వాడాడు, మర్నాడు ప్యాచ్ వచ్చింది.

లెక్క వేస్తే ఎంత?

ఎన్‌హెచ్‌ఎల్‌లో పెనాల్టీ కిల్ సగటు 80 శాతం దగ్గర ఉంటుంది. మ్యాచ్‌కి మూడు చొప్పున 82 మ్యాచ్‌ల సీజన్‌లో సుమారు 245 పెనాల్టీలు అనుకుందాం. 80ని 85 చేయగలిగితే పన్నెండు గోల్స్ మిగిలినట్టు. హాకీ లెక్కల్లో ఆరు గోల్స్ తేడా అంటే ఇంచుమించు ఒక గెలుపు అంటారు. అంటే రెండు గెలుపులు, నాలుగు పాయింట్లు. ప్లేఆఫ్స్ చివరి స్థానం కోసం జట్లు కొట్టుకునేది కూడా అంతంత తేడాలతోనే. కాబట్టి ఈ కోచ్ జీతం దండగేమీ కాదు.

అయితే ఇదే శాతం కోచ్‌ని దేవుణ్నీ చేస్తుంది, దోషినీ చేస్తుంది. 2024 ప్లేఆఫ్స్‌లో ఎడ్మంటన్ 70 పెనాల్టీల్లో నాలుగే గోల్స్ ఇచ్చింది. 94.3 శాతం! పెనాల్టీ కిల్ చూసిన అసిస్టెంట్ మార్క్ స్టూవర్ట్ పేరు ఊరూవాడా మోగింది. అదే జట్టు మామూలు సీజన్‌లో 80 శాతం దగ్గరే ఉంది. మరుసటి ఏడాది ప్లేఆఫ్స్‌లో 70 శాతం కూడా దాటలేదు. కోచ్ ఆయనే. ఏడాదిలో ఆయనకి తెలివి తగ్గిపోయిందా? కొందరు ఆటగాళ్లు మారారు. గోలీకి ఒక ఏడు కలిసొస్తుంది, ఒక ఏడు రాదు. డెబ్బై పెనాల్టీలంటే లెక్కకి చాలా చిన్న సంఖ్య. నాలుగు పక్‌లు గోల్‌పోస్టుకి తగిలి ఇటు పడితే ఒక శాతం, అటు పడితే ఇంకో శాతం.

హాకీలో ఒక పాత మాట ఉంది, జట్టులో అందరికన్నా గొప్ప పెనాల్టీ కిల్లర్ గోలీయే కావాలని. నిజమే, కానీ అందులో కోచ్ బాధ కూడా ఉంది. తన పనికి మార్కులు వేసేది తన చేతిలో లేని మనిషి.

ఇంతకన్నా చేదు ఉదాహరణ 2012 నాటిది. 2011-12 మామూలు సీజన్‌లో న్యూజెర్సీ డెవిల్స్ పెనాల్టీ కిల్ 89.6 శాతం. ఆధునిక ఎన్‌హెచ్‌ఎల్‌లో అంత బాగా ఎవరూ చేయలేదు. జట్టు స్టాన్లీ కప్ ఫైనల్ దాకా వెళ్లింది. జూన్ 11న లాస్ ఏంజెలిస్‌లో ఆరో మ్యాచ్. మొదటి పీరియడ్‌లోనే డెవిల్స్ ఆటగాడు స్టీవ్ బెర్నియర్ ఎదుటివాణ్ని వెనక నుంచి గోడకేసి కొట్టాడు. రెఫరీ మేజర్ వేసి, మ్యాచ్‌లోంచి పంపేశాడు. పైన గుర్తుపెట్టుకోమన్న రూలు ఇదే. మైనర్ అయితే మొదటి గోల్‌తో ఆగేది. మేజర్ కాబట్టి ఆ అయిదు నిమిషాల్లోనే కింగ్స్ మూడు గోల్స్ కొట్టింది. మ్యాచ్ 6-1, కప్పు కింగ్స్‌ది. సీజనంతా పోగేసిన పేరు ఆ అయిదు నిమిషాల ముందు నిలబడలేదు.

మరి ఈ స్పెషలైజేషన్ మంచిదేనా?

ఈ ప్రశ్న హాకీ కోచ్‌లది మాత్రమే కాదు. మనలో చాలామందిది. ఒకటే చిన్న విషయంలో లోతుకి వెళ్లాలా, అన్నీ కొంచెం కొంచెం నేర్చుకోవాలా?

నా ఉద్యోగంలో ఆన్‌కాల్ అని ఒకటుంటుంది. రాత్రి రెండింటికి సర్వర్ ఒకటి పడిపోతే మిగిలినవి దాని బరువు కూడా మోయాలి. అన్నీ మోయలేవు. అందుకే ముందే రాసిపెట్టుకుంటాం, పేమెంట్ ఆగకూడదు, రికమెండేషన్లు ఆగినా ఫర్వాలేదు అని. నలుగురితో అయిదుగుర్ని కాయడం అంటే సరిగ్గా ఇదే. ఆ రాత్రి బాగా గడిస్తే పొద్దున ఆఫీసులో ఎవరికీ ఏమీ తెలియదు. కొత్త ఫీచర్ కట్టినవాడికి డెమో ఉంటుంది, చప్పట్లు ఉంటాయి. పడకుండా ఆపినవాడికి చూపించడానికి ఏముంటుంది? పెనాల్టీ కిల్ దగ్గర నా కళ్లు ఆగిపోయింది అందుకే.

అయినా ఈ దారిలో వెళ్లినవాళ్లకి తలుపులు మూసేమీ లేవు. మన దగ్గరే చూడండి. హైదరాబాద్ తరఫున రంజీ ఆడిన ఆర్.శ్రీధర్ 2014 నుంచి 2021 దాకా భారత జట్టుకి ఫీల్డింగ్ కోచ్. పట్టిన క్యాచ్ బౌలర్ ఖాతాలో పడుతుంది, ఆపిన పరుగు ఎవరి ఖాతాలోనూ పడదు. ఆ పనితోనే ఆయన ఏడేళ్లు జాతీయ జట్టుతో ఉన్నాడు. హాకీలో ల్యూక్ రిచర్డ్‌సన్ ఉన్నాడు. 2021 ప్లేఆఫ్స్‌లో మాంట్రియల్ వరుసగా 30కి పైగా పెనాల్టీలను గోల్ లేకుండా గడిపి ఫైనల్‌కి వెళ్లినప్పుడు డిఫెన్స్ చూసే అసిస్టెంట్ ఆయన. హెడ్ కోచ్‌కి కోవిడ్ రావడంతో మధ్యలో బెంచ్ బాధ్యత కూడా ఆయన మీదే పడింది. 2022లో చికాగో ఆయన్ని హెడ్ కోచ్‌గా తీసుకుంది. 2024 డిసెంబర్‌లో తీసేసింది కూడా. పైకెక్కించిన నిచ్చెన పైన కూర్చోబెడుతుందన్న గ్యారంటీ లేదు.

వీళ్లందర్నీ చూశాక నాకు తోచింది ఇది. ఇలాంటి పనిలోకి దిగేవాళ్లు తమ లెక్క తామే రాసుకోవాలి. బయటివాళ్లు శాతం చూస్తారు. మంచి పెనాల్టీ కిల్ కోచ్ చూసుకునేవి వేరు. ఎదుటివాళ్లు మన జోన్‌లోకి సాఫీగా ఎన్నిసార్లు వచ్చారు? రాయల్ రోడ్ దాటిన పాస్‌లెన్ని? పక్ మన స్టిక్ మీద ఉన్నా బయటికి కొట్టలేకపోయిన సందర్భాలెన్ని? ఇవి బాగుండి గోల్ పడితే దురదృష్టం. ఇవి చెడిపోయి గోల్ పడకపోతే అదృష్టం, దానికి మురిసిపోకూడదు. ఈ రెంటినీ విడదీసి చూపించగలిగినవాడు శాతం పడిపోయిన రోజున కూడా హెడ్ కోచ్ ముందు కూర్చుని మాట్లాడగలడు. అప్రైజల్ మీటింగ్‌లో మనకైనా అంతే. “ఏమీ పడిపోలేదు సార్” అంటే చాలదు. ఏవేవి పడబోయాయి, ఎలా ఆపాం అనేది రాసి ఉంచుకోవాలి.

ఈసారి ఫోన్‌లో హాకీ హైలైట్స్ కనిపిస్తే, గోల్స్ మాత్రమే చూసి వదిలేయకండి. పూర్తి మ్యాచ్ దొరికితే ఒక పెనాల్టీ కిల్ రెండు నిమిషాలూ చూడండి. పక్‌ను పక్కనపెట్టి ఆ నలుగురి స్టిక్కులు గమనించండి. పెనాల్టీ అయిపోయి బాక్సు తలుపు తెరుచుకున్నప్పుడు బెంచ్ మీద ఆటగాళ్లు స్టిక్కులతో గోడ మీద టకటకా కొడతారు. అది ఆ నలుగురికీ, వాళ్ల వెనక నోట్స్ పట్టుకుని నిలబడ్డ కోచ్‌కీ వాళ్లిచ్చే మెప్పు. కామెంటేటర్ అప్పటికే వేరే విషయంలోకి వెళ్లిపోయి ఉంటాడు.

మీ ఆఫీసులో, మీ ఇంట్లో ఇలాంటి పని చేసేవాళ్లెవరైనా గుర్తొచ్చారా? ఓసారి వాళ్లతో ఆ మాట అనండి. వచ్చే వారం మళ్లీ కలుద్దాం.